గార్సియా ఎవరి ఇంటిపేరు?

కొన్నేళ్ళ క్రితం నేను రాసిన ఒక చిన్న ప్రోగ్రాం బోలెడుమంది గార్సియాలను ఒకళ్ళలో ఒకళ్ళను కలిపేసింది. అమెరికాలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీ పని అది. ఒకే మనిషి పేరు రెండు మూడు చోట్ల రెండు మూడు రకాలుగా నమోదై ఉంటుంది కదా, వాటిని గుర్తుపట్టి ఒక్కటి చెయ్యాలి. నేను మొదట పెట్టిన రూలు: పేరులో చివరి మాట ఇంటిపేరు, పక్కన పుట్టిన తేదీ, ఊరు. మూడూ కలిస్తే ఒకే మనిషి. స్పానిష్ పేర్ల దగ్గర ఇది బెడిసికొట్టింది. ఒకే ఆవిడ ఒకచోట గార్సియా అనీ, ఇంకోచోట గార్సియా లోపెస్ అనీ రాసుకుంటే నా రూలుకి ఇద్దరు ఆడవాళ్ళు కనిపించారు. సరే, రెండో ఇంటిపేరుతో మనకేం పని అని దాన్ని కత్తిరించేశాను. రెండు రోజులు హాయిగా ఉంది. మూడోరోజు తెలిసింది, ఒకే ఊళ్ళో ఒకే రోజున పుట్టి ఒకే పేరు పెట్టుకున్న ఇద్దరు గార్సియాలు నా పుణ్యమా అని ఒక్కరైపోయారు. ఒకావిడ ఆపరేషన్ ఖర్చు ఇంకొకావిడ ఖాతాలో పడింది.

మా టెస్టింగ్ టీమ్‌లో మెక్సికో నుంచి వచ్చినావిడ ఒకరుండేవారు. ఆమె నవ్వుతూనే అంది, "మొదటిసారి మా నాన్నల్ని తీసేశావు, రెండోసారి మా అమ్మల్ని తీసేశావు" అని. ఆ మాట నాకప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. తప్పు సరిదిద్ది ఊరుకున్నాను. అర్థం చేసుకోవలసిన అవసరం ఈ మధ్యనే వచ్చింది, అదీ ఇంట్లో. దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఈ గార్సియా ఎవరో చూద్దాం. స్పెయిన్‌లో అన్నిటికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ఇది. అక్కడి జాతీయ గణాంక సంస్థ లెక్కల్లో దీన్ని మొదటి ఇంటిపేరుగా వాడేవాళ్ళు 14 లక్షలకు పైనే. వందమందిని నిలబెడితే అందులో ముగ్గురన్నమాట. రెండో ఇంటిపేరుగా ఉన్నవాళ్ళూ దాదాపు అంతేమంది. అమ్మ వైపూ నాన్న వైపూ అదే అయి, గార్సియా గార్సియా అని రాసుకునేవాళ్ళే 70 వేల పైచిలుకు. అమెరికా జనాభా లెక్కల్లో ఈ పేరు 1990లో 18వ స్థానంలో ఉండేది. 2000కి 8, 2010కి 6. మిల్లర్‌నీ డేవిస్‌నీ వెనక్కి నెట్టి, స్మిత్, జాన్సన్, విలియమ్స్, బ్రౌన్, జోన్స్‌ల తర్వాత నిలబడింది.

అర్థం దగ్గరికొస్తే పండితులకు పడదు. స్పెయిన్‌కి ఉత్తరాన, పిరెనీస్ కొండల దగ్గర బాస్క్ భాష మాట్లాడతారు. యూరప్‌లో మరే భాషతోనూ చుట్టరికం తేలని భాష అది. అందులో ఎలుగుబంటిని 'హార్త్స్' అంటారు. గార్సియా అందులోంచి వచ్చిందని కొందరు. కాదు, కుర్రవాడనే అర్థమిచ్చే 'గస్తే' నుంచి వచ్చిందని కొందరు. ఎలుగుబంటి కథ వినడానికి బాగుంటుంది కాబట్టి అందరూ అదే చెప్పుకుంటారు. గట్టిగా చెప్పగలిగేది ఏమిటంటే, అది మొదట ఇంటిపేరు కాదు, మనిషి పేరు. తొమ్మిదో శతాబ్దంలో పాంప్లోనాని ఏలిన గార్సియా ఇన్యిగెస్ దగ్గర్నుంచి అక్కడ వరసగా గార్సియా రాజులున్నారు.

ఆ రాజు పేరులో రెండో మాట చూడండి. ఇన్యిగో కొడుకు ఇన్యిగెస్. స్పానిష్ ఇంటిపేర్లలో సగం ఈ 'ఎస్' కుటుంబమే. రొద్రీగో కొడుకు రొద్రీగెస్, సాంచో కొడుకు సాంచెస్, మార్కోస్ కొడుకు మార్కెస్. మొదట్లో ఇది తరంతరానికీ మారేది. కొన్ని వందల ఏళ్ళకు ఎక్కడిదక్కడ గడ్డకట్టి వంశం పేరైంది. గార్సియాకు మాత్రం ఈ తోక లేదు. గార్సెస్ అని తోక ఉన్న పేరు వేరే ఉంది గానీ, తోక లేనిదే గెలిచింది. అన్నట్టు, ఈ తోకలన్నీ తండ్రి పేరుకే తగిలిస్తారు. అమ్మ పేరుకు తగిలించినవాళ్ళు నాకు తెలిసి మన శాతవాహనులు. గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పులుమావి అని రాళ్ళ మీద చెక్కించుకున్నారు. అమ్మ పేరున్నంత మాత్రాన వాళ్ళ రాజ్యం అమ్మల చేతిలో ఉందనుకోనక్కర్లేదు, అది వేరే సంగతి.

పేరు ఎక్కడ కనిపిస్తే అక్కడ నెత్తురు ఉందనుకోవడానికీ లేదు. ఫిలిప్పీన్స్‌లో 1849లో గవర్నర్ నార్సిసో క్లావెరియా ఒక ఉత్తర్వు ఇచ్చాడు. జనానికి స్థిరమైన ఇంటిపేర్లు లేక పన్నుల లెక్కలు తేలడం లేదని, అక్షరక్రమంలో ఒక పెద్ద పేర్ల పుస్తకం అచ్చువేయించి ఊళ్ళకు పంచాడు. వాళ్ళకూ స్పెయిన్‌కీ రక్తసంబంధం ఉండాలన్న నియమమేమీ లేదు. నేను ఇన్సూరెన్స్ కంపెనీకి చేసిన పనే ఆయన ఒక దేశానికి చేశాడు. నాకు కనీసం టెస్టింగ్ టీమ్ ఉంది.

ఇక అసలు మనిషి. మనం ఆయన్ని మార్క్వెజ్ అంటాం. స్పానిష్‌లో అలా పలకరు, మార్కెస్. అంతకన్నా పెద్ద తప్పు, అది ఆయన మొదటి ఇంటిపేరు కాదు. మొదటిది గార్సియా, తండ్రి వైపుది. మార్కెస్ తల్లి వైపుది. లైబ్రరీలో పద్ధతి తెలిసినవాళ్ళు ఆయన పుస్తకాల్ని 'గ' కింద పెడతారు. అయితే స్పెయిన్‌వాళ్ళు కూడా గార్సియాను కత్తిరించడం మామూలే. కవి ఫెదెరికో గార్సియా లోర్కాను లోర్కా అనేస్తారు. లోర్కా ఆయన తల్లి విసెంతా ఇంటిపేరు. ఊరంతా గార్సియాలే అయితే ఏ గార్సియా అని చెప్పడానికి అమ్మ పేరు కావాలి. పికాసో కూడా తల్లి పేరే, ఆయన తండ్రి పేరు రుయిస్. అందరికీ ఉన్నది కాబట్టి నాన్న పేరు పనికిరాకుండా పోవడం, పనికిరావడం కోసం అమ్మ పేరు నిలబడడం నాకు తమాషాగా అనిపిస్తుంది.

కానీ గబ్రియేల్ గార్సియా మార్కెస్ విషయంలో ఇంకో మెలిక ఉంది. ఆ గార్సియా కూడా ఒక అమ్మదే.

ఆయన తండ్రి గబ్రియేల్ ఎలీహియో గార్సియా. ఆ తండ్రి తల్లి పేరు అర్హెమిరా గార్సియా. చాలా చిన్న వయసులో, పెళ్ళి కాకుండా కన్న కొడుకు అతను. కన్న తండ్రి ఇంటిపేరు మార్తీనెస్. పెళ్ళి లేదు కాబట్టి అది బిడ్డకు రాలేదు, తల్లి గార్సియానే వచ్చింది. లెక్క ప్రకారం జరిగి ఉంటే 1982లో నోబెల్ అందుకున్న రచయిత పేరు గబ్రియేల్ మార్తీనెస్ మార్కెస్ అయ్యేది.

ఈ ఎలీహియో అరకతాకా అనే ఊరికి టెలిగ్రాఫ్ ఆపరేటర్‌గా వచ్చి, కల్నల్ నికొలాస్ మార్కెస్ కూతురు లూయిసా సాంతియాగాను ప్రేమించాడు. కల్నల్ ఒప్పుకోలేదు. కుర్రాడు కన్సర్వేటివ్, తాను లిబరల్స్ తరఫున వెయ్యి రోజుల యుద్ధంలో పోరాడినవాడు. అదొక కారణం. తండ్రి పేరు లేనివాడన్నది ఇంకో కారణం. కల్నల్‌గారికే పెళ్ళి బయట పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ళ సంగతి వేరు, అల్లుడి సంగతి వేరు. కూతుర్ని ఊళ్ళు తిప్పారు. ఎలీహియో ఊరూరికీ తంతి సందేశాలు పంపాడు. చివరికి పెళ్ళయింది. 1927లో పుట్టిన మొదటి కొడుకు పెరిగింది మాత్రం తాతగారి ఇంట్లో. ఈ కథంతా ఆయన 2002లో వచ్చిన ఆత్మకథలో తనే చెప్పుకున్నాడు.

ఇది తెలిశాక ఆయన నవలలు మళ్ళీ తీశాను. 'వన్ హండ్రెడ్ ఇయర్స్ ఆఫ్ సాలిట్యూడ్'ని గ్రెగొరీ రబాసా ఇంగ్లిష్‌లో నేను మొదట చదివింది ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో. అందరిలాగే మొదటి పేజీలో ఉన్న వంశవృక్షం దగ్గర వేలు పెట్టుకుని చదివాను. ఎవరు ఏ ఆరెలియానో, ఎవరు ఏ హోసే ఆర్కాదియో అన్న గొడవే. వ్యాసాల్లో కూడా ఎక్కువగా ఈ ముక్కే ఉంటుంది: పేర్లు తిరిగి వస్తాయి, కాబట్టి కాలం చక్రంలా తిరుగుతుంది. నిజమే కావచ్చు. కానీ మనమంతా మొదటి పేరు చూస్తూ రెండో పేరును వదిలేశామని ఇప్పుడనిపిస్తోంది. ఈ నవలలో ప్రమాదాలన్నీ ఇంటిపేరు దగ్గర జరుగుతాయి.

కల్నల్ ఆరెలియానో బుయెందియా కొడుకులు పదిహేడుమందిని గుర్తుచేసుకోండి. యుద్ధంలో ఊరూరా పుట్టిన పిల్లలు. తల్లులు ఒక్కొక్కరే వచ్చి బిడ్డను ఉర్సులాకు చూపిస్తారు. అందరికీ ఆరెలియానో అనే పేరు పెడతారు. ఇంటిపేరు మాత్రం ఎవరి తల్లిది వాళ్ళకి. తల్లుల పేర్లు, చిరునామాలు, పుట్టిన తేదీలు ఉర్సులా ఒక పుస్తకంలో రాసుకుంటుంది, కొడుకు తిరిగొచ్చాక తేల్చుకుంటాడని. వాడు తేల్చడు. నేను మొదటిసారి చదివినప్పుడు ఆరెలియానో త్రిస్తే అంటే 'విచారంగా ఉండే ఆరెలియానో' అని, అదొక ముద్దుపేరు అనుకున్నాను. త్రిస్తే అంటే విచారమే. కానీ నవల పెట్టుకున్న నియమం ప్రకారం అది ఎవరో ఒకావిడ ఇంటిపేరు. మకోందోలో ఐసు ఫ్యాక్టరీ పెట్టింది, రైలు తెచ్చింది ఆవిడ కొడుకు. ఆమె గురించి మనకింకేమీ తెలియదు. సెంతేనో, అమదోర్ కూడా అలాంటివే. బుయెందియా అనే పేరు వాళ్ళకు దక్కలేదు గానీ, బుయెందియా కొడుకులన్న కారణానికి చావు దక్కింది. పదహారుమందిని ఒక్క రాత్రిలో వెతికి వెతికి చంపుతారు. పేరు ఇవ్వని తండ్రి నుంచి వాళ్ళకొచ్చిన ఆస్తి అది.

ఇంకోవైపు పిలార్ తెర్నేరా. అన్నకూ తమ్ముడికీ చెరొక కొడుకును కన్నది. ఇద్దర్నీ పెద్దింటివాళ్ళు తీసుకుని తమ పిల్లల్లా పెంచారు. పెద్దవాడు ఆర్కాదియోకి తన తల్లి ఎవరో చచ్చేదాకా తెలియదు. తెలియక ఆమె దగ్గరికే మోహంతో వెళ్తాడు. ఆర్కాదియో తర్వాత ఆ వంశంలో పుట్టిన ప్రతి ఒక్కళ్ళూ పిలార్ సంతతే. లెక్క చూస్తే నవలలో సగం తెర్నేరాల కథ. తెర్నేరా అంటే ఆవుదూడ. ఆ పేరు ఒక్కళ్ళకీ రాలేదు. నేను కత్తిరించిన రెండో ఇంటిపేరు లాంటిదే.

ముగింపు కూడా ఇంటిపేరు మీదే నడుస్తుందని ఇప్పుడు తెలిసి సిగ్గేసింది, ఇన్నాళ్ళూ ఎలా చూడలేదా అని. మేమేకి మౌరీసియో బాబిలోనియా అనే మెకానిక్ వల్ల కొడుకు పుడతాడు. అమ్మమ్మ ఫెర్నాందా పరువు కోసం, బిడ్డ బుట్టలో కొట్టుకొచ్చాడని కథ కడుతుంది. ఆ పిల్లవాడు పెద్దవాడై, తనకు పిన్ని అని తెలియక అమరాంతా ఉర్సులాని ప్రేమిస్తాడు. అక్కాతమ్ముళ్ళమేమో అన్న భయంతో చర్చికి వెళ్ళి పాత బాప్తిజం రికార్డులు తిరగేస్తాడు. ఏమీ దొరకదు. నీ పేరేమిటని ఫాదర్ అడిగితే, ఆరెలియానో బుయెందియా అంటాడు. ఇంకెందుకు వెతకడం, పూర్వం ఆ పేరుతో ఇక్కడో వీధి ఉండేది, ఆ రోజుల్లో జనం పిల్లలకు వీధుల పేర్లు పెట్టేవాళ్ళు అంటాడు ఫాదర్. ముప్ఫై రెండు యుద్ధాలు చేసిన మనిషి వీధి పేరుగా మిగిలాడు, వంశంలో చివరివాడు ఆ వీధిలోంచి పుట్టినవాడయ్యాడు. ఇంత క్రూరమైన హాస్యం నేను మరోచోట చదవలేదు. రోజూ రికార్డులతో బతికేవాణ్ణి కదా, నాకు కాస్త ఎక్కువే తగిలింది. చివరికి మెల్కియాదెస్ రాతలు చదివి తనెవరో తెలుసుకునేసరికి అతను ఆరెలియానో బాబిలోనియా. అసలు పేరు తెలియడమూ ఊరు గాలికి ఎగిరిపోవడమూ ఒక్కసారే.

రచయిత తనను తాను కూడా ఈ నవలలో పెట్టుకున్నాడు. చివరి అధ్యాయాల్లో వచ్చే స్నేహితుడు గబ్రియేల్ కల్నల్ హెరినెల్దో మార్కెస్ మునిమనవడి కొడుకు. అంటే నవలలోకి ఆయన వచ్చింది తల్లివైపు తలుపు నుంచి. ఉర్సులా ఇంటిపేరు ఇగ్వారాన్ ఆయన అమ్మమ్మది. పెత్రా కోతెస్‌లోని కోతెస్ కూడా అమ్మమ్మ పేరులోదే. ఇల్లంతా తల్లివైపు బంధువులే.

మరి గార్సియా ఎక్కడికి పోయాడు? నా మటుకు నాకు 1985లో వచ్చిన 'లవ్ ఇన్ ద టైమ్ ఆఫ్ కలరా'లో దొరికాడు. తల్లిదండ్రుల ప్రేమకథే దానికి ఆధారమని అందరికీ తెలుసు. టెలిగ్రాఫ్ ఆఫీసు, అమ్మాయిని ఊళ్ళు తిప్పడం, తంతి మీద ఉత్తరాలు. అయితే ఫ్లోరెంతీనో అరీసా పేరు చూడండి. అతని తండ్రి పియో కింతో లోఆయ్సా, నదిలో స్టీమర్లు నడిపే అన్నదమ్ముల్లో ఒకడు. కొడుకును చట్టప్రకారం తన కొడుకని చెప్పకుండానే పోయాడు. అందుకని అతనికి తల్లి త్రాన్సితో ఇంటిపేరు అరీసా మాత్రమే మిగిలింది. అర్హెమిరా కొడుకుకు గార్సియా మిగిలినట్టు. ఎదురుగా ఉన్న డాక్టర్ పేరేమో హువెనాల్ ఉర్బీనో దె లా కయ్యె, పలకడానికే రెండు ఊపిర్లు కావాలి. ఫెర్మీనా ఎవర్ని చేసుకుంటుందో అక్కడే సగం తేలిపోయింది. ఇంకొకటి, ఉర్బీనోతో అర్ధశతాబ్దం కాపురం చేసినా, ముసలిదైనా, కథకుడు ఆమెను ఫెర్మీనా దాసా అనే అంటాడు. అది ప్రత్యేకమైన గౌరవమేమీ కాదు. స్పానిష్ పద్ధతిలో పెళ్ళయితే ఆడవాళ్ళ ఇంటిపేరు మారదు. నేను ఇంగ్లిష్‌లో చదువుతూ అదేదో రచయిత విప్లవమనుకుని ఒకప్పుడు తెగ మెచ్చుకున్నాను.

రచయిత జీవితాన్ని ఇలా నవలలో వెతకడం గొప్ప విమర్శేమీ కాదని నాకూ తెలుసు. ఫ్లోరెంతీనోను వెనకేసుకు రావడమూ నా ఉద్దేశం కాదు. తన సంరక్షణలో పెట్టిన పద్నాలుగేళ్ళ పిల్లతో ముసలితనంలో అతను చేసింది క్షమించలేనిది, నవల దాన్ని తేలిగ్గా దాటేసిందనే నా ఫిర్యాదు ఇప్పటికీ. కానీ తండ్రి పేరు దక్కని కుర్రవాడు చివరికి ఆ తండ్రి అన్నదమ్ముల కంపెనీకే పెద్దవుతాడు. అప్పుడు కూడా అరీసాగానే ఉంటాడు. లోఆయ్సా అని మార్చుకోడు. ఈ వివరాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం అన్యాయమనిపించింది.

ఇంట్లో సంగతి చెప్తానన్నాను. మా అక్క మూడేళ్ళుగా విడిగా ఉంటోంది. పాపను ఒకటో తరగతిలో చేర్చాలి. అప్లికేషన్‌లో అన్నీ నింపి, ఇంటిపేరు దగ్గర ఆపి నాకు ఫోన్ చేసింది. "మనింటి పేరు రాస్తే ఏమవుతుందిరా?" అని. అమ్మ వెనకనుంచి, "రేపు పెళ్ళి దగ్గర ఏం చెప్పుకుంటామే" అంటోంది. నేను అమ్మలా అనలేదు. బర్త్ సర్టిఫికెట్‌లో ఒకటి, స్కూల్లో ఒకటి ఉంటే పాస్‌పోర్ట్ దగ్గర మ్యాచ్ అవదక్కా, ఉన్నదే ఉంచెయ్యి అన్నాను. చాలా తెలివిగా, చాలా టెక్నికల్‌గా. అక్క ఏమీ అనకుండా ఫోన్ పెట్టేసింది. ఆ రాత్రే ఆ మెక్సికో ఆవిడ మాట గుర్తొచ్చింది, ఈ పుస్తకాలు బయటికొచ్చాయి.

స్పెయిన్‌లో 1999 నుంచి ఏ ఇంటిపేరు ముందు ఉండాలో తల్లిదండ్రులు మాట్లాడుకుని నిర్ణయించుకోవచ్చు. మాట్లాడుకోకపోతే తండ్రిదే ముందు అన్న నియమం కూడా 2017 నుంచి లేదు. అదేమైనా మనకు పనికొస్తుందా అంటే రాదు. అక్కకి అవేవీ చెప్పలేదు. ఫ్లోరెంతీనో కథ చెప్పాను. అంతా విని, "ఇంతకీ వాళ్ళమ్మ ఏం చేసేది?" అంది.

చిల్లర సామాన్ల కొట్టు నడిపేదనీ, చాటుగా నగలు తాకట్టు పెట్టుకునేదనీ, ఆ డబ్బుతోనే కొడుకును పెంచిందనీ చెప్పాను.

"అప్లికేషన్‌కి శుక్రవారం దాకా టైముంది" అంది అక్క.